ముసాసిర్‌లో హల్ది గుడి ఎక్కడ? ఆధారాలు, దారులు, చిక్కులు

కృష్ణలంక_రవి
నేటి తూర్పు టర్కీలో వాన్ సరస్సు చుట్టూ వెలసిన ప్రాచీన రాజ్యం ఉరార్తు. ఆ రాజుల ఇలవేల్పు హల్ది. ఆయన ప్రధాన ఆలయం ఉన్న ఊరు ముసాసిర్, ఉరార్తు భాషలో అర్దిని. క్రీ.పూ. 714లో అస్సీరియా రాజు రెండవ సార్గాన్ దాన్ని దోచుకున్నాడు. ఇరాక్ కుర్దిస్తాన్‌లో రవాందుజ్‌కు ఈశాన్యంగా ఉన్న సిదెకాన్ లోయల్లోనే ఆ ఊరు ఉండాలని ఎక్కువమంది పండితుల మాట. అయినా గుడి పునాది ఒక్క వరుస కూడా ఇంతవరకు బయటపడలేదు. 2014లో ముజేసిర్ గ్రామంలో స్తంభపు దిమ్మలు కనబడ్డాయని వార్త రాగానే "గుడి దొరికింది" అని చాలాచోట్ల రాసేశారు.
ఆ దిమ్మలు సాక్ష్యంగా ఎంతవరకు నిలుస్తాయి? అంత చిన్న లోయలో అంత పెద్ద గుడి ఇన్నాళ్లూ ఎలా దాక్కుంది? వివరంగా రాయగలిగినవాళ్లు రాయండి.

లిపిదారి
ముందు రాతలో ఉన్నది చూద్దాం, వెతికేవాడికి కొలతలు అక్కడే దొరుకుతాయి.
మొదటి ఆధారం సార్గాన్ తన దేవుడు అష్షూర్‌కు రాసిన ఉత్తరం. 430 పంక్తుల మట్టిపలక అది. ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది, 1912లో త్యూరో-దాంజాన్ అచ్చువేయించాడు. దండయాత్ర ముగించుకుని తిరిగి వెళ్తూ సార్గాన్ ప్రధాన సైన్యాన్ని ఇంటికి పంపేశాడు. ఒక్క రథంతో, వెయ్యిమంది గుర్రపు రౌతులతో, కొంత కాలిబలంతో కొండల మీదుగా ముసాసిర్ మీద పడ్డాడు. దాడికి ముందు చంద్రగ్రహణం పట్టిందని రాశాడు. పండితులు దాన్ని క్రీ.పూ. 714 అక్టోబరు 24గా లెక్కగట్టారు. అంటే మంచు పడేముందు చివరి వారాలు. ఎగువ జాబ్ నది దాటాననీ, అక్కడి జనం దాన్ని ఎలమునియా అంటారనీ కూడా చెప్పాడు.
ఇక దోపిడీ పట్టిక. ముసాసిర్ రాజు ఉర్జానా భవనం నుంచి బంగారం 34 టాలెంట్ల 18 మినాలు, వెండి 167 టాలెంట్ల రెండున్నర మినాలు. 60 మినాలు ఒక టాలెంట్. తేలిక మినా అరకిలో లెక్కన బంగారం సుమారు 1,030 కిలోలు, వెండి 5,000 కిలోలు. ఇదంతా ఇంటి సొత్తే, గుడి సొత్తు వేరు. గర్భగుడికి కుడి ఎడమల వేలాడే ఆరు బంగారు డాళ్ల బరువు 5 టాలెంట్ల 12 మినాలు, అంటే డాలు ఒక్కొక్కటి 26 కిలోలు. డాలు నడిమిన పళ్లు బయటపెట్టిన కుక్క తల. తలుపు గడియ సామాను నాలుగు బంగారు ముక్కలు, అందులో రెండు తాళంచెవులు, దేవతామూర్తుల ఆకారంలో చేసినవి. నాలుగూ కలిపి 2 టాలెంట్ల 12 మినాలు. కంచు డాళ్లు 25,212. ద్వారపాలకుల కంచు విగ్రహాలు నాలుగు, ఎత్తు నాలుగేసి మూరలు.
వేలల్లో ఉన్న అంకెలను రాజుగారి గొప్పగా తీసుకోవచ్చు. బరువులను మాత్రం అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. అర మినా దాకా రాసినవాడు తూకం వేసిన లెక్క ముందు పెట్టుకునే రాశాడు.
రెండో ఆధారం సార్గాన్ రాజధాని ఖోర్సాబాద్‌లో అతని భవనపు గోడ మీది శిల్పం. 19వ శతాబ్దంలో ఫ్రెంచివాడు బొత్తా తవ్వించగా చిత్రకారుడు ఫ్లాందాన్ బొమ్మ గీశాడు. అసలు రాయి ఇప్పుడు లేదు, ఆ గీతే మిగిలింది. ఎత్తు అరుగు మీద గుడి, ముందు ఆరు స్తంభాలు, రెండు వాలుల కప్పు, కప్పు కొసన బల్లెం మొన, గోడకు డాళ్లు, ముందు రెండు పెద్ద గంగాళాలు, దూడకు పాలిస్తున్న ఆవు విగ్రహం. ఉత్తరంలో కూడా ఉరార్తు రాజు సర్దురి సమర్పించిన ఆవు, దూడ ఉన్నాయి. వేరువేరు చేతుల మీదుగా వచ్చిన రెండు సాక్ష్యాలు ఇక్కడ కలుస్తున్నాయి కాబట్టి, ఫ్లాందాన్ గీతను ఊహాచిత్రమని పక్కన పెట్టడం కుదరదు.

కొండబాట
లిపిదారి గారి మాటకు నేల లెక్క కలుపుతాను. ఊరు ఏ లోయలో ఉందో చెప్పేవి శిలాశాసనాలు.
కేలెషిన్ కనుమ ఇరాన్, ఇరాక్ సరిహద్దు మీద, దాదాపు 3,000 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నిలిపిన నీలిరంగు రాతి మీద ఒక పక్క ఉరార్తు భాష, ఇంకో పక్క అస్సీరియా భాష. ఉరార్తు రాజు ఇష్పుయిని, ఆయన కొడుకు మెనువా అర్దినిలో హల్ది సన్నిధికి వచ్చి పశువులను, ఆయుధాలను సమర్పించిన సంగతి అందులో ఉంది. ఇప్పుడు రాయి ఉర్మియా మ్యూజియంలో ఉంది. కనుమ దిగి ఇరాక్ వైపు వస్తే సిదెకాన్ దగ్గర తోప్‌జావా లోయ. అక్కడా రెండు భాషల శాసనమే, సర్దురి కొడుకు, ఉరార్తు రాజు రుసా వేయించినది. ఉర్జానా తన మొహాన గుడి తలుపులు మూసేశాడనీ, తాను అతణ్ణి లొంగదీసి మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాననీ రుసా చెప్పుకున్నాడు. దీనికి ప్రతులు ఇరాన్ వైపు మెర్గే కర్వాన్, మొవానాల్లో దొరికాయి.
ఇలాంటి రాళ్లు ఊరి నడిమధ్య పెట్టినవి కావు, యాత్ర సాగిన దారి పొడవునా పెట్టినవి. కేలెషిన్, తోప్‌జావా కలిపి గీత గీస్తే దారి ఎటు దిగుతుందో తెలుస్తుంది, గుడి ఏ మిట్ట మీద ఉందో తెలియదు. అంత ఎత్తు కనుమలో గాలికీ మంచుకూ ఓర్చి రాయి నిలిపారంటే, దిగువన ఉన్న గుడికి ఎంత విలువ ఇచ్చారో ఆలోచించండి.

కృష్ణలంక_రవి
దారి కలిసింది, ఊరి పేరూ ముసాసిర్, ముజేసిర్ అని కలుస్తోంది, పైగా స్తంభపు దిమ్మలు. ఇంకేం కావాలి? పురావస్తు పరిశోధకులు బోమర్, ఫెనర్ 1970లలోనే అక్కడ తిరిగి ముజేసిర్ అనే కదా తేల్చారు?

పెంకుముక్క
రవి గారూ, ముజేసిర్ బలమైన అభ్యర్థి అనే దగ్గర ఆగుదాం. పేరు పోలిక దారి చూపిస్తుంది, నిర్ధారణ చేయదు.
దిమ్మల సంగతికి వస్తే మూడు చిక్కులున్నాయి. అవి ఇళ్ల గోడల్లో, వాకిళ్లలో, పొలం గట్ల మీద దొరికినవే ఎక్కువ. గుండ్రటి దిమ్మను ఇద్దరు ముగ్గురు కలిస్తే దొర్లించుకుపోవచ్చు. గుడి నుంచి కిందకు దొర్లిందా, పక్క ఊరి నుంచి వచ్చిందా అన్నది దిమ్మ చూసి చెప్పలేం.
రెండోది, స్తంభం ఉంటే గుడి అని లేదు. మిగతా చోట్ల బయటపడ్డ ఉరార్తు గుడి, వాళ్ల మాటలో సూసి, చదరపు బురుజు లాంటి కట్టడం. తూర్పు టర్కీలోని ఆల్తిన్‌తెపెలో బయటి కొలత సుమారు 13.8 మీటర్లు, లోపలి గది 5.2 మీటర్లు, గోడ మందం నాలుగు మీటర్ల పైమాటే. నాలుగు మూలలూ కాస్త ముందుకు పొడుచుకుని ఉంటాయి. స్తంభాలు ఉన్నది గుడి చుట్టూ ఉన్న ముంగిలి వసారాలో. రాజభవనాల్లోనూ స్తంభాల సావడులు మామూలే. కాబట్టి దిమ్మలన్నీ నిజంగా ముజేసిర్‌వే అనుకున్నా, అవి ఉర్జానా భవనానివి కావచ్చు.
మూడోది కాలం. అలంకారం లేని గుండ్రటి దిమ్మను రూపం బట్టి ఒక శతాబ్దానికి కుదించలేం.
దిమ్మ కనబడ్డప్పుడు చేయాల్సిన పని ఇది. కదల్చకుండా ఉన్నచోట జీపీఎస్ గుర్తు, స్కేలు పెట్టి నాలుగు పక్కల నుంచి ఫొటోలు, 3డి నమూనా కావాలంటే చుట్టూ తిరుగుతూ కనీసం నలభై యాభై ఫొటోలు, ఒక్కోటి ముందుదాని మీద మూడింట రెండు వంతులు పడేలా. కింది వ్యాసం, పైన స్తంభం కూర్చునే వలయపు వ్యాసం విడివిడిగా. చుట్టు అంచును వాలు వెలుగులో చూడాలి, ఎందుకంటే మెనువా లాంటి రాజులు వాన్ ప్రాంతంలో దిమ్మల అంచునే శాసనం చెక్కించారు. మధ్యాహ్నం ఎండలో కనబడని అక్షరం సాయంత్రం పక్క నుంచి టార్చి వేస్తే తేలుతుంది. ఆపైన రాతి రకం, అది ఏ క్వారీ నుంచి వచ్చిందీ. పైవలయపు వ్యాసాలు నాలుగైదు దిమ్మలకు ఒకటే వస్తే అవన్నీ ఒక కట్టడానివని అనుమానించడానికి గట్టి కారణం దొరుకుతుంది. వార్తల్లో ఈ కొలతలు రాలేదు, బొమ్మలే వచ్చాయి.

లిపిదారి
ఒక్క చోట విభేదిస్తాను. సూసి నమూనా ఉరార్తు నడిగడ్డది. ముసాసిర్ ఉరార్తులో జిల్లా కాదు, దాని రాజు వేరు, హల్ది అక్కడి సొంత దేవుడు. ఇష్పుయిని కాలంలో ఉరార్తు ఆ దేవుణ్ణి తన రాజ్య దైవంగా తెచ్చుకుంది. వాన్ దగ్గర మెహెర్ కపిసి శాసనంలో ఆయన భార్య అరుబాని, ముసాసిర్‌లో మాత్రం బగ్‌బర్తు. దేవికే పేరు వేరయినప్పుడు గుడికి రూపం వేరవకూడదా? ఫ్లాందాన్ గీసిన వాలు కప్పు, ఆరు స్తంభాలు స్థానిక పద్ధతి కావచ్చు. 13.8 మీటర్ల చదరం కోసమే చూస్తే, కళ్లెదుట ఉన్న పొడవాటి కట్టడాన్ని పశువుల కొట్టం అనుకుని దాటిపోతాం.

పెంకుముక్క
ఒప్పుకుంటాను, రెండు నమూనాలూ చేతిలో ఉండాలి. కాని గుడి స్తంభాలు ముందువైపు ఒకే వరుసలో ఉన్నాయా, లేక గోడకు అంటించిన పలకలా అన్నది గీతలో తేలదు. అస్సీరియా శిల్పి లోతు చూపించడు, వెనకదాన్ని కూడా ముందుకు తెచ్చి చెక్కుతాడు.

నక్షా_నాగమణి
ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదన్న ప్రశ్న మిగిలింది కదా. మైదానంలో పాత ఊరంటే మట్టి ఇటుకల ఇళ్లు కూలి, వాటి మీద మళ్లీ కట్టి, దిబ్బగా పెరుగుతుంది. ఉపగ్రహ చిత్రంలో అది దూరం నుంచే తెలుస్తుంది. సిదెకాన్ కొండల్లో కట్టుబడి రాయి. ఊరు వాలు మీద మెట్లుమెట్లుగా ఉంటుంది. ఇల్లు పడిపోతే దాని రాయి పక్క ఇంటికి పోతుంది, మిగిలినదాన్ని పైనుంచి జారే మట్టి కప్పేస్తుంది. దిబ్బ ఏర్పడదు.
బొమ్మల మీద పని చేయాలంటే నా క్రమం ఇది. ముందు కొరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాలు. 1995లో రహస్యం ఎత్తేశారు, చివరి కెమెరా రకానికి స్పష్టత 1.8 మీటర్ల దాకా వస్తుంది. వీటి విలువ తేదీలో ఉంది. సరిహద్దు గ్రామాలను ఖాళీ చేయించడం, 1988లో సద్దాం సైన్యం జరిపిన అన్ఫాల్ దాడుల్లో ఊళ్లను నేలమట్టం చేయడం, ఆ తర్వాతి రోడ్లు, ఇవేవీ లేని 1960ల నేల అందులో కనబడుతుంది. అమెరికా భూవిజ్ఞాన సర్వే వెబ్‌సైటులో ముందే స్కాన్ చేసినవి ఉచితంగా దిగుతాయి.
చిక్కు ఏమిటంటే ఆ కెమెరా అటూ ఇటూ ఊగుతూ తీసేది, అంచుల దగ్గర బొమ్మ సాగిపోతుంది. కొండల్లో ఇంకా వంకర. మొత్తం పట్టీని ఒకేసారి నేటి మ్యాపు మీద కూర్చోబెడితే వందల మీటర్లు తప్పుతుంది. రెండు మూడు కిలోమీటర్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు పది పదిహేను గుర్తులు, వాగుల కలయికలు, కొండ మొనలు, పాత వంతెనలు పెట్టుకుని సరిచేయాలి. ఉదయం తీసినదీ మధ్యాహ్నం తీసినదీ రెండూ చూడాలి, లేకపోతే ఉత్తరపు వాలు నీడలో మునిగిపోతుంది. సహజంగా లేని సమతల మెట్లు, వాటిని నిలబెట్టే తిన్నని గోడలు గుర్తుపెట్టుకోవాలి. వాటిలో తొంభై పాళ్లు ద్రాక్ష, వాల్‌నట్ తోటల మెట్లే అవుతాయి. తేడా పట్టించేది దిశ. తోట మెట్టు వాలు వంపును అనుసరిస్తుంది, కట్టడపు మెట్టు వంపును కోసుకుంటూ తిన్నగా పోతుంది.

కొండబాట
నేల మీదకు దిగేవాళ్లకు మూడు మాటలు.
మొదటిది మందుపాతరలు. ఇరాన్, ఇరాక్ యుద్ధకాలంలో ఈ సరిహద్దు కొండల్లో విపరీతంగా పాతారు. వానకూ కరిగే మంచుకూ అవి వాలు వెంట కిందకు జారుతాయి, శుభ్రం చేసిన గట్టు మీదకు మరుసటి వసంతంలో ఇంకోటి రావచ్చు. కుర్దిస్తాన్ మందుపాతరల సంస్థ ఇక్మా దగ్గర తాజా మ్యాపు చూడకుండా అడుగు వేయకూడదు. ఎర్ర రంగు రాయి దాటకూడదు. పశువులు తిరుగుతున్న బాటే బాట.
రెండోది అనుమతి. ఎర్బిల్‌లోని పురావస్తు డైరెక్టరేట్ అనుమతి లేకుండా పెంకు ముక్క కూడా ఏరడానికి లేదు. సర్వేకు, తవ్వకానికి వేరువేరుగా తీసుకోవాలి.
మూడోది కాలం. వసంతంలో గడ్డి మోకాలెత్తు, పెంకు కనబడదు. సెప్టెంబరు, అక్టోబరు నయం. కేలెషిన్ ఎక్కాలంటే వేసవి నడిమి నెలలే. 1838లో ఇంగ్లీషు పండితుడు రాలిన్సన్ అక్కడికి వెళ్లినప్పుడు రాయంతా మంచు గడ్డకట్టి ఉంది, అక్షరాలు సరిగా ఎత్తి రాసుకోలేకపోయాడు. అంతకుముందు 1829లో ఆ రాయిని చూసిన జర్మన్ పండితుడు షుల్ట్స్‌ను అదే ఏడు కుర్దు కొండల్లో చంపేశారు.

పెంకుముక్క
నాగమణి గారు చెప్పిన జారుడు మట్టే అసలు శత్రువు. 2013లో రవాందుజ్ ప్రాంతంలో పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ డాంటీ బృందం పని మొదలుపెట్టింది. గుంద్-ఇ తోప్‌జావా అనే చోట రోడ్డు వెడల్పు చేస్తుంటే కొండవాలు తెగి, వాలులోకి దొలిచి కట్టిన, కాలిపోయిన రాతి ఇళ్లు బయటపడ్డాయి. పైన నడిచేవాడికి ఒక్క పెంకు కనబడని చోటు అది. సర్వేలో "ఏమీ లేదు" అని రాసుకున్న వాలును వదిలేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.
అందుకే రోడ్డు కోతలు, వాగు తెగిన గట్లు, కొత్త ఇంటి పునాది గుంతలు ముందు చూడాలి. ఎవరో తవ్వి పెట్టిన కోత అది. కొడవలితో గట్టు చెక్కి, తాపీతో నున్నగా చేసి, పొరలు గీసుకుని, బొగ్గు పొర నుంచి నమూనా తీసుకుంటే ఒక్క రోజులో ఒక ట్రెంచి (తవ్వకపు గాడి) పని అవుతుంది.
యంత్రాల విషయానికి వస్తే, నేలలో అయస్కాంత తేడాలు పట్టే మాగ్నెటోమీటర్ మైదానంలో చేసినంత మేలు ఇక్కడ చేయదు. అర మీటరు వరసల్లో నడిచినా రేకు ముక్కలు, తీగలు, ఫిరంగి గుండ్ల పెంకులు బొమ్మంతా నలుపు తెలుపు మచ్చలు చేస్తాయి. కాలిన గది మాత్రం దానికి బాగా దొరుకుతుంది. రాతిగోడ మీద లోతుగా మట్టి కప్పిన చోట విద్యుత్ నిరోధం కొలవడం మేలు. 48 కడ్డీలు మీటరుకొకటి పెడితే 47 మీటర్ల గీత, అందులో అయిదో వంతు, అంటే ఎనిమిది తొమ్మిది మీటర్ల లోతు దాకా అందుతుంది. ఎండాకాలం చివర నేల మరీ ఎండి కడ్డీకి కరెంటు పట్టదు, కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పోయాలి.
ట్రెంచి వాలుకు అడ్డంగా వేస్తే ఒక్క మెట్టే తెలుస్తుంది. వాలు వెంట నిలువుగా, రెండు మీటర్ల వెడల్పున, మెట్లుగా దిగాలి. పక్కగోడ 1.2 మీటర్లు దాటితే మెట్టు వెడల్పు చేయకుండా ఇంకా దిగొద్దు, జారుడు మట్టి చెప్పకుండా కూలుతుంది.

హిమజ_వరంగల్
కార్బన్ తేదీ తీస్తే 714 తేలిపోదా?

పెంకుముక్క
తేలదు. ల్యాబు సంఖ్యను అసలు ఏడాదిగా మార్చే సవరణ గీత క్రీ.పూ. 800 నుంచి 400 దాకా దాదాపు చదునుగా ఉంటుంది. 2450 (1950 నుంచి వెనక్కి లెక్కించిన కార్బన్ ఏళ్లు) అని ల్యాబు ఇచ్చిన సంఖ్యకు క్రీ.పూ. 750 నుంచి 400 వరకు ఏ ఏడయినా సరిపోతుంది. సార్గాన్ తగలబెట్టాడా, వందేళ్ల తర్వాత ఇంకెవరో తగలబెట్టారా, అది చెప్పలేదు. దూలం దొరికితే దాని వలయాల నుంచి పదేసి ఏళ్ల ఎడంతో అయిదారు నమూనాలు వరసగా తీసి, ఆ వంకరను సవరణ గీత వంకరతో సరిపెట్టొచ్చు. అప్పుడు ఇరవై ముప్పై ఏళ్ల లోపుకు వస్తుంది. అదయినా చెట్టు కొట్టిన తేదీయే కాని ఇల్లు కాలిన తేదీ కాదు. ధాన్యపు గింజ దొరికితే కాలిన ఏడాదికి అదే దగ్గర, కాని ఒంటరి గింజ మళ్లీ ఆ చదును గీతలోనే పడుతుంది. రెండూ ఒకే గదిలో దొరకాలి.

హిమజ_వరంగల్
అర్థమైందండీ. దీనికి తోడుగా ఇంకో ఆలయ నగరం సంగతి. ఉత్తర మెసొపొటేమియా ప్రాచీన జనం హుర్రియన్ల తుఫాను దేవుడు తెషుబ్ ఊరు కుమ్మె కూడా ఇంకా దొరకలేదు. సిరియాలోని మారి నగరంలో దొరికిన క్రీ.పూ. 18వ శతాబ్దపు ఉత్తరాల్లోనే దాని పేరుంది, సార్గాన్ కాలం దాకా నిలిచింది. ఇరాక్‌లో జాఖో పరిసరాలని కొందరు, టర్కీ వైపు బైతుష్షెబాప్ అని చరిత్రకారిణి కారెన్ రాడ్నర్ అంటారు.
దొరికిన ఊళ్లు ఎలా తేలాయో చూస్తే మన ప్రశ్నకు జవాబు ఉంది. ఇరాక్ కుర్దిస్తాన్‌లోని బాస్సెట్కీలో 2017లో జర్మనీ ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ బృందానికి కుండలో పెట్టి, మందంగా మట్టి మెత్తిన 92 పలకలు దొరికాయి. లిపి నిపుణురాలు బెటినా ఫైస్ట్ చదివితే అది ప్రాచీన నగరం మర్దమాన్ అని తేలింది. కుర్దిస్తాన్‌లోనే ఉన్న సాతు ఖలా దిబ్బ పాత ఇదు నగరమని చెప్పినవి శాసనాలే. అంటే ఊరి పేరును ఆ ఊరి రాతే చెప్పాలి.

లిపిదారి
అదే సరైన కొలబద్ద. ముజేసిర్ రాతి కట్టుబడి కాబట్టి పేరు చెక్కిన ఇటుకల మీద ఆశ తక్కువ. వాన్ సరస్సు ఒడ్డున ఉన్న ఉరార్తు కోట ఆయానిస్‌లో గుడి ముఖద్వారం మీదే శాసనం ఉంది. అలాంటిది ఉన్నచోట ఉన్నట్టు దొరకాలి, లేదా ఉర్జానా కచేరీ పలకలు దొరకాలి. అతను అక్షరాల విలువ తెలిసిన రాజే. పేరు చెక్కిన ముద్ర ఉంది, అస్సీరియా అధికారికి రాసిన ఉత్తరం కూడా ఉంది.

కృష్ణలంక_రవి
ముజేసిర్ చుట్టుపక్కల దొరికిన నిలువెత్తు మనిషి విగ్రహాలు, చేతిలో గిన్నె పట్టుకున్నవి, గుడి ద్వారపాలకులు కావా?

పెంకుముక్క
కావు. గుడి ద్వారపాలకులు కంచువి, సార్గాన్ మోసుకుపోయాడు. ఇవి రాతివి, కొన్ని 2.3 మీటర్ల దాకా ఉన్నాయి. సమాధుల మీద నిలిపే గడ్డిమైదానపు సంప్రదాయానికి దగ్గరగా ఉన్నాయి, క్రీ.పూ. 7, 6 శతాబ్దాలవని పరిశోధకుల అంచనా. గుడి దోపిడీ తర్వాత అక్కడ ఎవరున్నారో చెప్పే సాక్ష్యం అది. దాని విలువ దానిదే, గుడితో ముడిపెట్టక్కర్లేదు.

లిపిదారి
దోపిడీ తర్వాత అన్నారు కాబట్టి ఒకటి. అందరూ కాలిన గుడి కోసం చూస్తున్నారు. ఫ్లాందాన్ గీతలో ఉన్నది దోపిడీ. సైనికులు కప్పెక్కి ఉన్నారు, డాళ్లు మోస్తున్నారు, ఒక పక్క తూకం వేస్తున్నారు, ఒక విగ్రహాన్ని గొడ్డళ్లతో నరుకుతున్నారు. ఉర్జానా ఉత్తరం ఇంకా ముఖ్యం. ఉరార్తు రాజు పూజకు రాబోతున్నాడా, మా అనుమతి లేకుండా ఎవరూ పూజ చేయకూడదు అని అస్సీరియా అధికారి హెచ్చరిస్తే, "అస్సీరియా రాజు వచ్చినప్పుడు నేను ఆపగలిగానా? ఆయన చేసేది ఆయన చేశాడు, ఇతణ్ణి మాత్రం ఎలా ఆపను?" అనే అర్థంలో బదులిచ్చాడు. ఆ రాకను 714 దాడిగా తీసుకుంటే, దోపిడీ తర్వాత కూడా గుడి నిలిచే ఉంది, పూజ సాగుతూనే ఉంది. రుసా శాసనాలు దాడికి ముందువా తర్వాతివా అన్న వాదం కూడా ఇక్కడే ముడిపడుతుంది.
అలాగైతే ట్రెంచిలో వెతకాల్సింది మందపు బూడిద పొర కాదు. బరువైన గోడలు, వాటికి మేకులు ఊడబెరికిన గుంతలు, గచ్చు మీద గంగాళాల మూడుకాళ్ల పీఠాల గుర్తులు, విరిగిన కంచు డాలు అంచు ముక్కలు, వాటి మీద ఆపైన వేసిన రెండో గచ్చు. ముజేసిర్ ఇళ్ల మధ్య ఖాళీ దొడ్లలో రెండు మీటర్ల వెడల్పున మూడు ట్రెంచీలు దింపితే ఈ గుర్తులు ఉన్నాయో లేవో తెలుస్తుంది. ఇళ్లవాళ్లు ఒప్పుకోవాలి, వాళ్ల గోడకు రెండు మీటర్ల దూరం వదలాలి.

నక్షా_నాగమణి
ఆ దొడ్లు 1960ల కొరోనా బొమ్మలో ఖాళీగా ఉన్నాయా, ఇళ్లున్నాయా అన్నది ముందు చూద్దాం. ముజేసిర్ మీదుగా వెళ్లిన పట్టీని ముక్కలు చేసి, సరిచేసిన ఫైళ్లు ఇదే చర్చలో పెడతాను. పెంకుముక్క గారూ, వాలును కోసుకుపోయే మెట్టు గోడలను మీరొకసారి విడిగా గుర్తుపెట్టండి. ఇద్దరం ఒకరిది ఒకరు చూడకుండా గీసి, తర్వాత పోల్చుదాం.